అక్షరక్రమంలో అనాస టీ

మా ఆఫీసులో అక్షరక్రమం తప్ప మరే క్రమమూ లేదు. ఉన్న ఆ ఒక్కదాన్నీ మేం ప్రాణం పెట్టి కాపాడుకుంటాం.

ఆఫీసు పేరు ప్రాంతీయ ప్రాచీన పత్రాల భద్రతా కార్యాలయం. కొండల మీది నుంచి అనాస పళ్ల బస్తాలు దిగే సంత వీధి చివర, పాత కచేరీ భవనంలో ఉంటుంది. జమీందార్ల ఉత్తరాలు, ఈనాముల దస్తావేజులు, ఎవరు ఎవరి మీద ఎందుకు వేశారో ఎవరికీ గుర్తులేని వ్యాజ్యాల కట్టలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిని వెతుక్కోవడానికి వీలుగా ఎప్పుడో ఒక మహానుభావుడు నియమావళిలో పద్నాలుగో నిబంధన రాసిపెట్టాడు. 'ఈ కార్యాలయం నుండి వెలువడు ఏ జాబితాయైనను, అయిదు అంశములకు మించినచో, అక్షరక్రమములో ఉండవలెను' అని. ఆయన మనసులో ఉన్నవి బీరువాలే అయి ఉంటాయి. ఆయన పోయాడు, నిబంధన మిగిలింది.

మేం కూర్చునేదీ అక్షరక్రమంలోనే. అప్పలస్వామి ఫ్యాను కింద కూర్చుంటాడు. యర్రంనాయుడు మరుగుదొడ్డి తలుపు పక్కన కూర్చుంటాడు. నా పేరు జగ్గారావు కాబట్టి పైకప్పు కారే చోటు నాకు దక్కింది. మా సూపరింటెండెంటు త్రినాథరావు గారు స్తంభం వెనక ఉంటారు. ఆయన్ని చూడాలంటే కుర్చీలోంచి లేచి వంగి చూడాలి.

కాగితాలు కదలడమూ అంతే. ఆదేశాలు, అభియోగాలు, ఆక్షేపణలు అన్నీ అ, ఆ ల్లోనే ఉంటాయి కనుక పొద్దున్న వస్తే సాయంత్రానికి కదులుతాయి. మొరలు, విన్నపాలు, సంజాయిషీలు చివర్న ఉంటాయి కనుక అవి కదిలిన దాఖలాలు తక్కువ. ఇరవయ్యారేళ్ల సర్వీసులో మేం 'మ' దాటడం నేను రెండుసార్లే చూశాను. 'క్ష' అనే అక్షరం 'క' కింద రావాలా, అన్నిటికంటే ఆఖర్న రావాలా అని ఒక సంఘం మూడేళ్లు కూర్చుని ఆఖర్నే అని తేల్చింది. అందుచేత మా ఆఫీసులో క్షమాపణ అన్నిటికంటే చివర వస్తుంది.

ఇంత క్రమశిక్షణలో మేం బతికి బట్టకట్టామంటే దానికి కారణం పైడమ్మ. సైకిళ్ల స్టాండు పక్కన, వరండా మెట్ల కింద, రెండు బల్లలూ ఒక పొయ్యీ పెట్టుకుని ఇరవై రెండేళ్లుగా టీ కాస్తోంది. చదువు లేదు. మొగుడు పోయాక ఆ మూలే ఆవిడకి ఇల్లూ వాకిలీ అయింది. అల్లం దంచి వేసి ఆవిడ ఇచ్చే టీ పడందే మాలో ఎవడూ 'అ' నుంచి 'ఆ'కి రాలేడు.

అలా ఉండగా మా డైరెక్టరు గారు పెద్ద పట్నంలో 'పాలనలో ఆహ్లాదం' అనే అయిదు రోజుల శిక్షణకి వెళ్లారు. అక్కడ విరామ సమయంలో ఎవరో ఆయన చేతిలో ఒక పొడుగాటి గ్లాసు పెట్టారట. అడుగున పళ్ల గుజ్జు, మధ్యలో ఐసు ముక్కలు, పైన చల్లటి పాల టీ, అందులో వేలంత లావు గొట్టం. మూడు గుక్కల్లో ఆయనకి జీవిత పరమార్థం బోధపడింది. వెళ్లినప్పుడు మామూలు డైరెక్టరుగా వెళ్లిన మనిషి, తిరిగొచ్చేటప్పటికి కళ్లలో ఒక వెలుగు పెట్టుకుని వచ్చారు. అధికారి కళ్లలో వెలుగు కనిపిస్తే కింది ఉద్యోగి గుండెలో దీపం ఆరుతుంది.

మర్నాడే సమావేశం పెట్టారు. సిబ్బంది గృహములలో ఆహ్లాదము ఆశించిన స్థాయిలో లేనట్లు తమ దృష్టికి వచ్చినదని, దీనిని సరిదిద్దుటకు 'ఇంటింటా ఫలక్షీర తేనీరు' అను కార్యక్రమమును ప్రారంభించుచున్నామని సెలవిచ్చారు. ప్రతి ఆదివారం ప్రతి ఉద్యోగీ తన ఇంట్లో, తన చేతులతో, స్థానిక ఫలమైన అనాసతో పాల టీ తయారుచేయాలి. పరిశీలన బృందం వచ్చి చూస్తుంది. చూసినది వార్షిక నివేదికలో ఎక్కుతుంది. బొప్పాయి వాడవచ్చా అని యర్రంనాయుడు అడిగాడు. విధాన నిర్ణయాలలో జోక్యం తగదని డైరెక్టరు గారు అన్నారు.

తయారీ విధానం ఆయనే స్వహస్తాలతో రాసుకొచ్చారు. నిజం చెప్పాలంటే బాగానే రాశారు. స్టవ్ వెలిగించి, పండు కోసి, ముక్కల్ని పంచదారతో ఉడికించి, టీ పొడి మరిగించి వడకట్టి, పాలు కలిపి, అన్నీ చల్లార్చి, గ్లాసు అడుగున గుజ్జు, పైన ఐసు, ఆ పైన టీ పోసి ఇవ్వడం. మొత్తం పది మెట్లు. ఆ కాగితం త్రినాథరావు గారి దగ్గరికి, అక్కడి నుంచి నా దగ్గరికి టైపు చేయడానికి వచ్చింది. నేను ఉన్నదున్నట్టు కొట్టి తీసుకెళ్లాను.

త్రినాథరావు గారు వేలితో మెట్లు లెక్కపెట్టారు. పది అంటే అయిదు కంటే ఎక్కువేనా అని నన్నడిగారు. ఎక్కువేనండీ అన్నాను. మరి పద్నాలుగో నిబంధన మాటేమిటని అడిగారు. ఇది వంట కదండీ, ముందు చేసేది ముందు, వెనక చేసేది వెనక ఉండాలి కదా అని అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. కానీ ఆ వేళ వాన పడుతోంది, నా కుర్చీ తడుస్తోంది, బల్ల జరుపుకోవడానికి ఆయన అనుమతి కావాలి. చిత్తమండీ అన్నాను.

వెనక్కి వచ్చి, కిసుక్కున నవ్వుకుంటూ, పది మెట్లనీ అక్షరక్రమంలో పెట్టి కొట్టాను. ఎవరో ఒకరు పైన చూసి దిద్దుతారులే అనుకున్నాను. నాలుగు సంతకాలు పడ్డాయి గానీ ఒక్క చూపూ పడలేదు.

అలా వెలువడిన ఉత్తర్వు ప్రకారం మొదటి మెట్టు, అతిథులకు అందించవలెను. రెండోది, ఐసు ముక్కలు వేయవలెను. ఆ తర్వాత గుజ్జును గ్లాసు అడుగున పరచవలెను, టీ పొడి వేసి మరిగించవలెను, డికాక్షను వడకట్టవలెను. ఆరో మెట్టుకి పండు తొక్క తీసి ముక్కలు కోయవలెను. ఏడు, పాలు కలుపవలెను. ఎనిమిది, ముక్కలను పంచదారతో ఉడికించవలెను. తొమ్మిది, సర్వమును చల్లార్చవలెను. పదోదీ ఆఖరిదీ, స్టవ్ వెలిగించవలెను.

ఇక ఆర్పమని ఎక్కడా లేదు.

మొదటి ఆదివారం పరిశీలన బృందం మా ఇంటికి వచ్చింది. త్రినాథరావు గారు, ఆయన వెనక ఇద్దరు, చేతిలో పట్టీ. నా భార్య వరహాలు చేయి తిరిగిన మనిషి, పాతికమందికి ఒంటి చేత్తో వండి వడ్డించగలదు. ఆవిడ ఉత్తర్వు రెండుసార్లు చదివి, నా మొహం ఒకసారి చూసి, మూడు ఖాళీ గ్లాసులు పళ్లెంలో పెట్టి తెచ్చి అతిథులకు అందించింది. త్రినాథరావు గారు ఖాళీ గ్లాసు అందుకుని, గంభీరంగా పెదాలకి తాకించి, కింద పెట్టి, ఒకటో గడిలో టిక్కు పెట్టారు. బాగుందమ్మా అని కూడా అన్నారు. తర్వాత ఐసు పడింది. తర్వాత ఇంకా పుట్టని గుజ్జుని పరిచినట్టు చేయి తిప్పింది. వెలిగించని పొయ్యి మీద టీ పొడిని మరిగించింది. పొడిని పొడిగానే వడకట్టింది. పండు కోసి, పచ్చి ముక్కల మీద పాలు పోసి, పంచదార చల్లి, ఉడికించినట్టు కాసేపు చూసి, చల్లారడానికి విసనకర్రతో విసిరింది. అప్పుడు స్టవ్ వెలిగించింది.

పచ్చి అనాసా పాలూ ఒక గిన్నెలో పొయ్యెక్కితే ఏమవుతుందో తెలియని ఇల్లు మా జిల్లాలో లేదు. ముందు అంచుల వెంట తెల్ల పలుకులు లేచాయి. తర్వాత పసుపుపచ్చ నీళ్లు ఒక పక్కకీ, విరుగుడు ఇంకో పక్కకీ వెళ్లిపోయాయి. మధ్యలో టీ పొడి తేలింది.

"ఏటండీ ఇది," అంది వరహాలు నాతో, చిన్న గొంతుతో. "ఇంట్లో పాలు ఇరగ్గొట్టమని గవర్నమెంటు జీతం ఇస్తన్నాదా మీకు?"

ఆ ప్రశ్న పట్టీలో లేదు గనక బృందం నమోదు చేసుకోలేదు.

ఆ ఆదివారం నలభై ఒక్క ఇళ్లలో పాలు విరిగాయి. అప్పలస్వామి ఇంట్లో పదో మెట్టు తర్వాత స్టవ్ ఆర్పవచ్చునా అని స్పష్టత కోరుతూ లేఖ రాసి, జవాబు వచ్చేదాకా వెలుగుతూనే ఉంచారు. గ్యాసు బండే ముందు అయిపోయింది. ఏ ఇంట్లో చూసినా విరుగుడు. కొందరు అందులో బెల్లం వేసి ముద్దలు చేశారు. పిల్లలు మాత్రం ఈ పథకం ఏటా ఉంటే బాగుండునని అన్నారు.

సోమవారం నివేదికలన్నీ డైరెక్టరు గారికి చేరాయి. ఎక్కడో పొరపాటు జరిగిందని ఆయన గ్రహిస్తారనుకున్నాను. గ్రహించారు కూడా. పొరపాటు 'విరుగుట' అనే మాటలో ఉందన్నారు. మధ్యాహ్నానికి వివరణ ఉత్తర్వు వచ్చింది. 'సదరు తేనీటి యందు ఘన ద్రవ పదార్థములు పరస్పర గౌరవముతో విడివిడిగా నుండు స్థితిని ఇకమీదట విరుగుటగా పేర్కొనరాదు. అది సహజీవన స్థితిగా పరిగణింపబడును. సహజీవనము సిద్ధింపని గృహములపై చర్య తీసుకొనబడును.' పాలు విరగనివాళ్లకి ఇప్పుడు శిక్ష. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టయింది మా పని.

ఇక్కడిదాకా నేను నవ్వుతూనే ఉన్నాను. మనకేం, వారానికో లీటరు పాలు పోతే పోయాయి అనుకున్నాను. మూడో వారం త్రినాథరావు గారు మా బల్లల మధ్య నిలబడి చదివిన కాగితం విన్నాక నా నవ్వు ఆగిపోయింది.

'కార్యాలయ ప్రాంగణమున ఒక స్త్రీ గత కొంతకాలముగా ముందు పొయ్యి వెలిగించి, పిదప టీ కాచి, ఆఖరున వినియోగదారులకు అందించుచున్నట్లు తెలియవచ్చినది. ఇది ఉత్తర్వులోని క్రమమునకు పూర్తిగా విరుద్ధము. సిబ్బంది మనోభావములపై దీని ప్రభావము తీవ్రముగా నుండును. కావున సదరు స్త్రీ ఈ నెల పదిహేనవ తేదీన తనిఖీకి విచ్చేయు కమిషనరు గారి సమక్షమున క్రమబద్ధముగా ఫలక్షీర తేనీరు తయారుచేసి మెప్పు పొందని యెడల స్థలమును ఖాళీ చేయవలెను.'

అక్రమ తేనీరు. కాగితం మీద విషయం అదే, కనుక 'అ'లో ఉంది. ఆ పూటే కదిలి, ఆ పూటే సంతకమై, ఆ పూటే పైడమ్మ చేతికి వెళ్లింది. ఆవిడ తరఫున యర్రంనాయుడు రాసిన విన్నపం 'వి'లో పడింది. దాని వంతు రావడానికి, మా వేగం లెక్కన చూస్తే, పైడమ్మ మనవరాలికి పెళ్లయి పిల్లలు పుట్టాలి.

ఆ సాయంత్రం నేను స్తంభం వెనక్కి వెళ్లి త్రినాథరావు గారి ముందు నిలబడ్డాను. వంట మెట్లు అక్షరక్రమంలో ఉండకూడదని, కొట్టింది నేనేనని, అప్పుడే చెప్పాల్సిందని, తప్పు నాదని చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనింట్లో కూడా మూడు వారాలుగా సహజీవనమే నడుస్తోంది.

"నాకు తెలియదనుకున్నారా జగ్గారావు గారూ," అన్నారు మెల్లిగా. "నాలుగో సంతకం అయ్యాక ఏ కాగితంలోనూ తప్పు ఉండదు. అది నియమం కాదు, అనుభవం. మీ మనసు తేలిక పడాలంటే రాతపూర్వకంగా ఇవ్వండి. విషయం ఏమని పెడతారు?"

క్షమాపణ అన్నాను.

ఆయన సొరుగు తీసి, ఆఖరి ఫైలు కట్ట కింద నుంచి ఖాళీ అట్ట ఒకటి లాగి నాకిచ్చారు. దాని మీద 'క్ష' అని ఉంది. లోపల ఇంతవరకూ ఒక్క కాగితం లేదు.

పద్నాలుగో తేదీ మధ్యాహ్నం పైడమ్మ దగ్గరికి వెళ్లాను. వాన జల్లు పడుతోంది, బల్లల మీద ఎవరూ లేరు. అక్రమ తేనీరు తాగినవాళ్ల పేర్లు రాసుకోవడానికి వరండాలో ఒక మనిషిని పెట్టారు మరి. పేర్లు ఆయన అక్షరక్రమంలో రాయాలి కనుక అందరూ తాగేదాకా ఒక్క పేరూ రాయలేక కూర్చున్నాడు. అయినా జనం భయపడ్డారు.

చేసిన నిర్వాకమంతా ఆవిడకి చెప్పాను. నవ్వుకుంటూ టైపు కొట్టానని కూడా చెప్పాను. మా ఆఫీసులో క్షమాపణ అన్నిటికంటే ఆఖర్న వస్తుందని, అందుకే నా నోటితో నేనే వచ్చి చెప్పుకుంటున్నానని అన్నాను. తలెత్తలేకపోయాను. ఇరవై రెండేళ్లు ఆ చేతి టీ తాగినవాణ్ణి, నా బల్ల తడవకూడదని ఆ మనిషి కూడు తడిపేశాను.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆ కాయితం ఓపాలి సదవండి బాబూ," అంది.

పది మెట్లూ చదివాను. ఆవిడ ఒక్కో మెట్టుకీ ఒక్కో వేలు ముడుచుకుంటూ వింది. పది వేళ్లూ ముడుచుకున్నాక కాసేపు ఆ పిడికిళ్ల వంక చూసుకుంది.

"అనాసని పంచదారేసి దగ్గిరికి ఉడకనిచ్చి, బాగా సల్లారబెట్టాల. టీ కూడా సల్లారాల. ఏడి మీద కలిపితే ఇరిగిపోతాది. మా అమ్మ పాలకి పండు తగలనిచ్చేది కాదు, ఈళ్లేటో దాన్ని పండగ సేసుకుంటన్నారు." అని, మళ్లీ అడిగింది. "ఒకటో మెట్టు ఏ రోజుదో, పదో మెట్టు ఏ రోజుదో అందులో రాసున్నాదా?"

మళ్లీ చదివాను. తేదీల ప్రస్తావన ఎక్కడా లేదు.

"అలగయితే ఎల్లండి బాబూ. నాకు సంతలో పనుంది."

పదిహేనో తేదీ పొద్దున్న కమిషనరు గారు వచ్చారు. పొడుగ్గా, సన్నగా, తక్కువ మాట్లాడే ఆవిడ. మధ్యాహ్నం రైలు అందుకోవాలని వచ్చీరాగానే చెప్పారు. ప్రాంగణంలో షామియానా వేసి రెండు బల్లలు పెట్టారు. ఒకటి సిబ్బంది తరఫున త్రినాథరావు గారిది, రెండోది పైడమ్మది. త ముందు, ప వెనక కనుక మొదటి వంతు త్రినాథరావు గారికి వచ్చింది. డైరెక్టరు గారు మైకు పట్టుకుని, ప్రపంచ తేనీటి చరిత్రలో ఇది మలుపు అన్నారు.

త్రినాథరావు గారు కమిషనరు గారికి ఖాళీ గ్లాసు అందించారు. ఆవిడ గ్లాసులోకి చూశారు. తిప్పి అడుగు చూశారు. మళ్లీ డైరెక్టరు గారిని చూశారు. ఇది ప్రథమ దశ అని ఆయన వివరించారు. తక్కిన తొమ్మిది మెట్లూ ఆవిడ మొహంలో ఏ మార్పూ లేకుండా చూశారు. స్టవ్ వెలిగింది. గిన్నెలో పాలు రెండుగా విడిపోయాయి. డైరెక్టరు గారు సహజీవనం గురించి చెప్పబోతుంటే కమిషనరు గారు చేయెత్తి, పాలు విరిగాయి కదండీ అన్నారు. మూడు వారాల్లో ఆ మాట అధికారుల ఎదుట అన్న మొదటి మనిషి ఆవిడ.

డైరెక్టరు గారి నుదుట చెమట పట్టింది. బెదిరిన ఏనుగు పక్కనున్న గడ్డినే తొక్కుతుంది. మైకు పైడమ్మ వైపు తిప్పి, అసలు ఈ ప్రాంగణంలో క్రమరాహిత్యమంతా ఆవిడ వల్లనే మొదలైందని, తాము ఎంత చెప్పినా వినలేదని, కమిషనరు గారు స్వయంగా చూసి వెళ్లగొట్టమని ఆదేశించవచ్చునని అన్నారు.

నేను లేచాను. పైడమ్మ ఓడిపోయేలోగా నిజం చెప్పేద్దామని, ఉద్యోగం ఉంటే ఉంటుంది పోతే పోతుందని, నిజంగానే లేచాను. పైడమ్మ నా వంక చూసి తల అడ్డంగా ఊపింది. కూర్చోమన్నట్టు చేత్తో సైగ చేసింది. కూర్చున్నాను.

ఆవిడ బల్ల మీద ఉత్తర్వు ప్రకారం అన్నీ ఉన్నాయి. పొయ్యి, గిన్నె, కోయని అనాస, పాలు, వడపోత గుడ్డ. బల్ల కింద తడిగుడ్డ చుట్టిన మట్టి కూజా ఒకటి, మూతపెట్టిన సత్తు డబ్బా ఒకటి ఉన్నాయి. వాటిని ఎవరూ పట్టించుకోలేదు. పరిశీలన పట్టీలో బల్ల కింద అనే గడి లేదు.

త్రినాథరావు గారు నీరసంగా చదివారు. ఒకటో మెట్టు, అతిథులకు అందించవలెను.

పైడమ్మ వంగింది. లేచేటప్పటికి ఆవిడ చేతిలో గాజు గ్లాసు ఉంది. అడుగున బంగారు రంగు అనాస గుజ్జు, మధ్యలో ఐసు, పైన లేత ఇటిక రంగు పాల టీ. ఒక్క పలుకు లేదు. కొంగుతో గ్లాసు తుడిచి, రెండు చేతులా కమిషనరు గారికి అందించింది.

ఆవిడ అనుమానంగా ఒక గుక్క తాగారు. తర్వాత ఇంకో గుక్క తాగారు. ఆ తర్వాత గ్లాసు దించలేదు. అడుగున మిగిలిన గుజ్జుని చెంచా అడిగి తీసుకుని మరీ తిన్నారు.

"ఇది ఎలా చేశావమ్మా?"

"ఇంకా సెయ్యనేదమ్మా," అంది పైడమ్మ. "ఇది ఒకటో మెట్టే. సెయ్యడం ఇప్పుడు మొదలెడతాను. రెండోది ఐసు ముక్కలు."

కమిషనరు గారు ఉత్తర్వు అడిగి తీసుకుని పై నుంచి కిందికి చదివారు. ఒకసారి పైడమ్మనీ, ఒకసారి డైరెక్టరు గారినీ చూశారు. ఆవిడ పెదవి చివర ఏదో కదిలి ఆగింది. ఇంకో గ్లాసు దొరుకుతుందా అని అడిగారు.

"దొరుకుతాదమ్మా. కానీ రెండో గ్లాసుక్కూడా ఒకటో మెట్టు నుంచే రావాల," అని పైడమ్మ మళ్లీ వంగింది.

తర్వాత షామియానా కింద ఉన్న అతిథులందరికీ ఒకటో మెట్టు జరిగింది. కూజా ఖాళీ అయ్యాక పైడమ్మ చాలా తీరిగ్గా రెండో మెట్టు మొదలుపెట్టింది. ఐసు ముక్కల్ని ఒక్కొక్కటే ఎంచి వేసింది. నాలుగో మెట్టులో, వెలగని పొయ్యి మీద టీ పొడి మరుగుతూ ఉండగా, కమిషనరు గారు గడియారం చూసుకుని రైలు వేళైందని లేచారు. వెళ్తూ వెళ్తూ ఈవిడని ఇక్కడి నుంచి కదపవద్దని డైరెక్టరు గారితో చెప్పారు. పదో మెట్టు దాకా ఎవరూ ఉండలేదు. పైడమ్మ బల్ల సర్దేసుకుంది.

నా కళ్లమ్మట నీళ్లు కారాయి. కారే పైకప్పు కింద కూర్చునేవాణ్ణి కనుక తడి మొహాన్ని ఎవరూ వింతగా చూడలేదు.

ఇక ఆ దెబ్బతో ఉత్తర్వు రద్దవుతుందని మీరు అనుకుంటే మీరు ఎప్పుడూ ఆఫీసులో పనిచేసి ఉండరు. మర్నాడు డైరెక్టరు గారు పై అధికారులకు నివేదిక పంపారు. అక్షరక్రమ పద్ధతి యొక్క సాఫల్యము కమిషనరు గారి సమక్షమున నిస్సందేహముగా రుజువైనదని, మొదటి బల్ల యందలి వైఫల్యము కేవలము స్టవ్‌ను తొందరపడి వెలిగించుట వలన సంభవించినదని అందులో రాశారు. తొందరపడినందుకు త్రినాథరావు గారికి అభియోగ పత్రం ఇచ్చారు. ఆయన రాసిన సంజాయిషీ 'సం'లో ఉంది. పద్ధతిని మిగతా ప్రాంతీయ కార్యాలయాలకు కూడా విస్తరించారు. డైరెక్టరు గారికి పై పదవి వచ్చింది. ఆయన ఇప్పుడు తక్కిన శాఖల నియమావళులను అక్షరక్రమంలోకి తెస్తున్నారు. అగ్నిమాపక శాఖతో మొదలుపెట్టారట.

మా ఇళ్లలో మాత్రం పాలు విరగడం ఆగింది. ప్రతి ఉద్యోగి భార్యా శనివారం పూట పైడమ్మ బల్ల దగ్గర కూర్చుని కిటుకు నేర్చుకుంది. మా వరహాలు ఆదివారం బృందానికి ఒకటో మెట్టుగా చల్లటి అనాస టీ అందిస్తుంది. వాళ్లు తాగి, పది గడుల్లోనూ టిక్కులు పెట్టి, మూతి తుడుచుకుని వెళ్లిపోతారు. త్రినాథరావు గారు ఈమధ్య మా ఇంటికే రెండుసార్లు పరిశీలనకు వస్తున్నారు.

పైడమ్మ మూలకి ఇప్పుడు రాతపూర్వకమైన హక్కు ఉంది. గోడ మీద బోర్డు కూడా పెట్టారు, 'అధికృత క్రమబద్ధ తేనీటి కేంద్రము' అని. 'అ'తో మొదలయ్యేలా ఆ పేరు పెట్టింది నేనే. ఈ ఆఫీసులో నేను బుద్ధిపెట్టి చేసిన పని అదొక్కటే. ఇక ముందు ఆవిడ కాగితం ఏదైనా ఆ పూటే కదులుతుంది.

నా క్షమాపణ పత్రం మాత్రం ఆ అట్టలో అలాగే ఉంది. ప్రస్తుతం ఆఫీసు 'ఇ'లో నడుస్తోంది. నేను రిటైరయ్యేలోపు అక్కడిదాకా రాదు.

మొన్న సోమవారం తెల్లవారుతూనే వెళ్లాను. ఇంకా ఎవరూ రాలేదు. పైడమ్మ బల్ల తుడుస్తోంది. పొయ్యి వెలిగించలేదు. పద్నాలుగో తేదీన తల దించుకుని చెప్పిన క్షమాపణ ఇవాళ తలెత్తి పూర్తిగా చెప్పేయాలని మొదలుపెట్టాను. "అమ్మా, ఆ రోజు నేను..." అన్నాను.

ఆవిడ చేయెత్తి ఆపి, కూజా వంచి ఒక గ్లాసు నా ముందు పెట్టింది.

"మీ ఆపీసులో అది ఆఖర్న కదేటి బాబూ," అంది. "ముందు టీ తాగండి."